మిర్చి బస్తాల మరుగుదొడ్డి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మధ్య బస్సు కాసేపు ఆగి పోయే చిన్న పట్నాల్లో మాది ఒకటి. పేరు చెప్పను. చెబితే ఇందులో ఎవరెవరో అందరికీ తెలిసిపోతుంది. నేనింకా ఇక్కడే బతకాలి.

కూరగాయల మార్కెట్ గేటుకు ఎదురుగా నాకొక కుట్టు మిషన్ దుకాణం ఉంది. జాకెట్లు, లంగాలు, బడిపిల్లల యూనిఫారాలు కుడతాను. దుకాణం వెనక రెండు గదుల్లో మా కాపురం, వాటి వెనక బాత్రూం. నేను కౌన్సిలర్‌ని కావడానికి మొదటి కారణం ఆ బాత్రూమే.

మార్కెట్లో కూర్చుని అమ్మే ఆడవాళ్ళలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. గోపాల్‌పేట వైపు నుంచి ఆకుకూరలు, వంకాయలు మూటలు కట్టుకుని తెల్లవారకముందే ఆటోల్లో దిగుతారు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఆ బండల మీదే కూర్చుంటారు. మగవాళ్ళు గోడ చాటుకు పోతారు. ఆడవాళ్ళు ఎక్కడికి పోవాలి? ఒకరోజు ఒక అవ్వ నా దుకాణం మెట్ల దగ్గర నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది. "బిడ్డా, జర ఒంటికి పోవాలె. మీ ఇంట్ల పోనిస్తవా?"

తోటకూర, గోంగూర అమ్మే అవ్వ. నేను రోజూ ఆమె దగ్గరే కొంటాను. లోపలికి రమ్మన్నాను. మర్నాడు ఇంకో ఇద్దరు వచ్చారు. నెల తిరిగేసరికి పొద్దున పూట దుకాణంలోంచి పోయి బాత్రూం ముందు వరస కట్టేవాళ్ళు. మా ఆయనది సెల్‌ఫోన్లు బాగుచేసే పని. నీళ్ళ ట్యాంకు ఖాళీ అవుతోందని మొదట్లో గొణిగాడు, తర్వాత అలవాటు పడ్డాడు.

మార్కెట్లో ఆడవాళ్ళ కోసమని మున్సిపాలిటీ ఒక మరుగుదొడ్డి కట్టించకపోలేదు. గులాబీ రంగు వేసి, గోడ మీద చీర కట్టుకున్న ఆడమనిషి బొమ్మ గీసి, రిబ్బన్ కూడా కత్తిరించారు. ఆ రోజు సాయంత్రం వేసిన తాళం మళ్ళీ తీయలేదు.

ఈసారి మా వార్డు ఆడవాళ్ళకు రిజర్వు కావడంతో వాడకట్టు వాళ్ళే నన్ను నిలబడమన్నారు. మా వార్డులో నేను కొలత తీసుకోని ఆడమనిషి దాదాపు లేదు. గడప గడపకూ తిరిగి ఒకే మాట చెప్పాను: మురుగు మోరీలు తీయిస్తాను, మార్కెట్లో ఆ తాళం తీయిస్తాను. గెలిచాను. దండలు వేసి, రంగులు చల్లి, మా ఆయనను భుజాల మీద ఎత్తుకుని తిప్పారు. గెలిచింది నేను. నేను మెట్ల మీద నిలబడి చూశాను.

మర్నాడు పొద్దున్నే ఇంటి ముందు కారు ఆగింది. చైర్మన్ కావాలనుకుంటున్న పెద్దమనిషి స్వయంగా దిగాడు. తెల్ల చొక్కా, మెత్తని గొంతు. "చెల్లె, చైర్మన్ ఎన్నిక అయ్యేదాంక అందరం ఒక్క తాన ఉందం. బట్టలు సర్దుకోరి," అన్నాడు. హైదరాబాదు అవతల ఏదో రిసార్టుకు తీసుకుపోయారు. ఫోన్లు ఒక సంచిలో వేయించుకున్నారు, మా ఇళ్ళకు మేము మాట్లాడుకోవాలన్నా ఎవరో పక్కన నిలబడేవారు. మగ కౌన్సిలర్లు, ఆడ కౌన్సిలర్ల మొగుళ్ళు పొద్దున్నే ఈతకొలను చుట్టూ సీసాలు పెట్టుకుని కూర్చునేవాళ్ళు. ఆడవాళ్ళం ఒక గదిలో టీవీ ముందు. భోజనాల దగ్గర సగం తిన్న బిర్యానీలోనే చేతులు కడిగేవాళ్ళు. ఇరవై ఏళ్ళుగా కౌన్సిలర్‌గా ఉన్న ఒకాయన పూలకుండీలో గుట్కా ఉమ్మి, అదే చేత్తో నాకు నమస్కారం పెట్టాడు. నాకు అన్నం సయించలేదు. ఇంటికి పోతానంటే మా ఆయన, "అందరు ఉంటుండ్రు, నీకేమైంది?" అన్నాడు. తాగి ఉన్నాడు. పెళ్ళయ్యాక అతన్ని అలా చూడడం అదే మొదలు.

అక్కడి నుంచి బస్సులో నేరుగా మున్సిపల్ ఆఫీసు హాలుకు తెచ్చారు. చేతులెత్తమంటే ఎత్తాం. తెల్ల చొక్కా పెద్దమనిషి చైర్మన్ అయ్యాడు.

మొదటి మీటింగుకు నేను కొత్త చీర కట్టుకుని, అడగాల్సింది అద్దం ముందు రెండుసార్లు అనుకుని పోయాను. నా పక్క కుర్చీలో ఉండాల్సింది ఇంకో ఆడ కౌన్సిలర్. అందులో ఆమె మొగుడు కూర్చున్నాడు. ఆమె ఎక్కడని అడిగితే, "ఇంట్ల పనుంది, సంతకం పొద్దుగాల్నే పెట్టిచ్చిన," అన్నాడు. దాచాలన్న ఆలోచన కూడా అతని ముఖంలో లేదు. క్లర్కు అంశాలు గబగబా చదువుతుంటే అందరూ బల్లలు చరిచి ఆమోదం అంటున్నారు. ఏం చదివాడో కూడా ఎవరూ వినడం లేదు, జీడిపప్పు ప్లేట్లు వచ్చాయి మరి. అంశాలు ముగిసే లోపల నేను లేచి నిలబడ్డాను.

"మార్కెట్ల ఆడోళ్ళ లెట్రిన్ కట్టి శానా దినాలైంది. తాళం ఎందుకు తీస్తలేరు?"

 రిసార్టులో పూలకుండీలో ఉమ్మిన పెద్దమనిషి జీడిపప్పు నములుతూ అన్నాడు. "మేడం, ఇప్పుడిప్పుడే టిఫిన్ జేసి వచ్చినం. గిప్పుడే గా ముచ్చట దియ్యాల్నా?"

అందరూ నవ్వారు. మున్సిపల్ కమిషనర్ కూడా కాగితాల్లో తల దించుకుని నవ్వాడు. అక్కడున్న మిగతా ఆడ కౌన్సిలర్లు పమిటలు సర్దుకుని కింద చూశారు. చైర్మన్ మాత్రం నవ్వలేదు. చెయ్యెత్తి అందరినీ ఊరుకోబెట్టి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"చెల్లె, నీ మనసు మంచిది. కానీ ఒక్కటి సమజ్ చేసుకో. గా కూరగాయలోళ్ళు మనోళ్ళా? ఊర్లకెల్లి వస్తరు, అమ్ముకుంటరు, పోతరు. వాళ్ళ ఓటు ఈడ లేదు గదమ్మా. ముందుగాల మన వార్డులల్ల మోరీలు చూసుకుందం."

మళ్ళీ బల్లలు చరిచారు.  జవాబులన్నీ ఇంటికి వచ్చి గిన్నెలు కడుగుతుంటే వచ్చాయి. ఆ హాల్లో మాత్రం నేను కూర్చున్నాను. నా ముందున్న ప్లేటును పక్కకు జరిపాను.

మా ఆయన తన మోటారు సైకిలు ముందు "కౌన్సిలర్" అని ఎర్ర అక్షరాలతో రాయించుకున్నాడు. ఆ సాయంత్రం బండి దిగుతూనే అన్నాడు. "ఇగో, కొత్తగ పోయినవ్. అందరితోని పెట్టుకోకు. చైర్మన్ సాబ్ నన్ను పక్కకు పిల్చిండు."

"ఏమన్నడు?"

"నీకు జర సమజ్ చెయ్యిమన్నడు."

"నాకు జెప్పేది నాకే చెప్పొచ్చు గద. నిన్నెందుకు పిల్చిండు?"

అతను ఫోను చూసుకుంటూ లోపలికి పోయాడు.

కౌన్సిలర్‌ని అయ్యాక నా దుకాణం సగం రోజులు మూసే ఉంటోంది. ప్రారంభోత్సవాలు, పరామర్శలు, పెళ్ళిళ్ళు, ఆఫీసు చుట్టూ తిరగడం. దుకాణం మూస్తే వెనక బాత్రూంకు దారి లేదు. ఇది నాకు తట్టనే లేదు, అవ్వ పడిపోయేదాకా.

ఎండలు ముదిరిన రోజులు. ఎవరిదో గృహప్రవేశం నుంచి తిరిగి వస్తుంటే మార్కెట్లో జనం గుమిగూడి కనిపించారు. తోటకూర కట్టల మధ్య అవ్వ పక్కకు ఒరిగి పడి ఉంది. పెదవులు ఎండి చర్మం లేచిపోయింది. ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయాను. సెలైన్ ఎక్కించి, డ్యూటీలో ఉన్న చిన్న వయసు డాక్టరమ్మ అడిగింది, "అవ్వా, నీళ్ళు తాగుతలేవా?"

"తాగితె యాడికి పోవాలె బిడ్డా?" అంది అవ్వ కళ్ళు తెరవకుండానే. తర్వాత నా వైపు చెయ్యి చూపించింది. "ఈ బిడ్డ దుకానం దెరిస్తె తాగుత. తెర్వకుంటె తాగ."

మూత్రంలో చీము వచ్చిందని, కిడ్నీల దాకా పాకిందని డాక్టరమ్మ చెప్పింది. ఊరి నుంచి అవ్వ కోడలు పరుగెత్తుకు వచ్చింది. గట్టి మనిషి. ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. అత్త చీర తడిసిందని చూసి, అడ్డంగా దుప్పటి పట్టుకోమని నాకిచ్చి, చీర మార్చింది. ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది. గృహప్రవేశంలో నాకు కప్పిన శాలువా ఇంకా నా భుజం మీదే ఉంది. దాన్ని తీసి నేల తుడిచాను.

మర్నాటి నుంచి దుకాణం తాళం చెవి పక్కనే ఉన్న టీ కొట్టు ఆమెకు ఇచ్చిపెట్టాను. కానీ కోపం తగ్గలేదు. మున్సిపాలిటీ తాళం చెవి ఎవరి దగ్గరుందో కనుక్కుంటూ పోతే చివరికి చైర్మన్ బామ్మర్ది దగ్గర తేలింది. ఆ కట్టడం కాంట్రాక్టు చేసింది అతనే. దానితోపాటు ఎండుమిర్చి వ్యాపారం కూడా ఉంది. మానవపాడు వైపు రైతుల దగ్గర కొని, ధర వచ్చినప్పుడు అమ్ముతాడు.

రెండు మూడు సార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఒక మధ్యాహ్నం దుకాణంలో కూర్చుని కాజాలు కుడుతుంటే ఎదురుగా గులాబీ గోడ ముందు లారీ ఆగింది. మరుగుదొడ్డి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. హమాలీలు లోపలి నుంచి బస్తాలు మోసుకుని వస్తున్నారు. సూది అలాగే పట్టుకుని రోడ్డు దాటాను.

లోపల అడుగు పెట్టగానే మిర్చి ఘాటు గొంతు పట్టేసింది. పైకప్పు దాకా బస్తాలు. ఎలుకల పెంటికలు. ఒక మూల చైర్మన్ ముఖం ఉన్న పాత ఫ్లెక్సీలు చుట్టి పెట్టారు, వాటి మీద ఎవరో గుట్కా ఉమ్మారు. బామ్మర్ది బయట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"మేడం, రేటు రాలే, అందుకే పెట్టిన. ఖాళీ చేస్తున్న గద, ఏం పరేషాన్ గాకు."

బస్తాలు తీసిన చోట మరుగుదొడ్డి బేసిన్లు కనిపించాయి. కొత్తవే, తెల్లగా ఉన్నాయి. నాకేం తోచిందో, హమాలీల నీళ్ళ బకెట్ తీసుకుని ఒకదానిలో కుమ్మరించాను. నీళ్ళు కిందికి పోలేదు. అంచుదాకా నిండి అలాగే నిలబడ్డాయి, మిరప గింజలు పైన తేలుతున్నాయి. ఇంకోదానిలో పోశాను. అదీ అంతే. బయటికి వచ్చి కట్టడం వెనక్కి పోయి చూశాను. సెప్టిక్ గుంత లేదు. పైపు లేదు. చదునుగా గట్టి నేల, దాని మీద తుమ్మ మొలకలు.

"గుంత యాడుంది?" అని అడిగాను.

అతను నవ్వాడు. ఆ నవ్వులో భయం ఇసుమంత కూడా లేదు. "పోయేటోళ్ళే లేనప్పుడు గుంతెందుకు మేడం?"

రిబ్బన్ కత్తిరించిన రోజు ఎంతమంది లోపలికి తొంగి చూసి చప్పట్లు కొట్టారు! ఇంజనీరు చూశాడు, కమిషనర్ చూశాడు. సిమెంటులో పాతిన ఆ గిన్నెలను చూసి మరుగుదొడ్డి అని సంతకాలు పెట్టారు. ఇంటికి వచ్చి ముఖం కడుక్కున్నాను. ఎన్నిసార్లు కడుక్కున్నా కళ్ళ మంట పోలేదు.

మర్నాడు అవ్వ చోట కూర్చున్న కోడలికి ఈ సంగతి చెప్పాను. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు అమ్మడం ఆపి విన్నారు. కోడలు వంకాయలు తూకం వేస్తూనే అడిగింది. "చైర్మన్ ఇల్లు ఎంత దూరముంటదక్కా?"

"సందు మలుపు తిరిగితె ఆడనే. ఎందుకు?"

"ఆయనింట్ల లెట్రిన్ ఉంటది గద. అడుగుదం."

నేను వద్దనలేదు. తూకాలు, మూటలు ముసలివాళ్ళకు అప్పగించి ఒక పది పదిహేను మంది లేచారు. నేను ముందు నడిచాను.  కోడలు కరివేపాకు ఎవరికి కట్ట ఎంతకు ఇచ్చిందో పక్కామెతో మాట్లాడుకుంటూ నడిచింది.

చైర్మన్ ఇంటి ముందు నల్లరాయి మెట్లు, పనుల మీద వచ్చిన జనం. ఆయన వరండాలో పేపరు చదువుతున్నాడు. మమ్మల్ని చూసి నవ్వాడు. పార్టీలో చేరడానికో దండం పెట్టడానికో వచ్చామనుకున్నట్టున్నాడు. కోడలు చెప్పులు కింద విడిచి మెట్లెక్కింది.

"సార్, మార్కెట్ల మా లెట్రిన్ల మీ బామ్మర్ది మిరపకాయలు వెట్టిండు. దానికి గుంత గూడ లేదంట. పొద్దుగాల్నుంచి ఆపుకున్నం. మీ ఇంట్ల పోతం."

 ఆయన నా వైపు చూశాడు. "ఏంది చెల్లె ఇది? ఆడోళ్ళను తోల్కొచ్చి ఇజ్జత్ దీస్తవా?"

"వాళ్ళ ఓటు ఈడ లేదని మీరే అన్నరు," అన్నాను. "ఓటు కోసం రాలే అన్నా. ఒంటికి పోనీకె వచ్చిండ్రు."

అప్పుడు ఆయన భార్య లోపలి నుంచి వచ్చింది. చేతికి పిండి అంటుకుని ఉంది. ఆమెతో నేను అంతకు ముందు మాట్లాడింది లేదు. ఆడవాళ్ళ మట్టి పాదాల వైపు, వాళ్ళ ముఖాల వైపు చూసి, తలుపు రెండో రెక్క కూడా తెరిచింది. "రాండ్రి. లోపలికి రాండ్రి. ఎడమ దిక్కుంది."

"ఏయ్, ఏం చేస్తున్నవ్?" అన్నాడు ఆయన.

"ఆడోళ్ళు అడుగుతుండ్రు. వద్దంటె పాపం గాదా?" అంది ఆమె, వెనక్కి చూడకుండా.

ఒక్కొక్కరే లోపలికి పోయి వచ్చారు. ఆయన తువ్వాల ముక్కుకు అడ్డం పెట్టుకుని అటు తిరిగి కూర్చున్నాడు. చివరి ఇద్దరు ఇంకా లోపల ఉండగానే పనిమనిషిని పిలిచి ఫినాయిల్ తెప్పించాడు. ఆడవాళ్ళు మెట్లు దిగుతుంటే వాళ్ళ వెనకే, దాదాపు వాళ్ళ మడమల మీదే, ఫినాయిల్ నీళ్ళు పోయించాడు. కోడలి చీర కుచ్చిళ్ళు తడిశాయి. ఆమె ఆగి, కుచ్చిళ్ళు ఎత్తి పిండుకుని, చెప్పులు వేసుకుని నడిచింది.   జీవితంలో ఇంకొక మనిషి మీద ఉమ్మేయాలన్నంత ఏవగింపు నాకు అప్పుడే కలిగింది.

వచ్చిన జనంలో ఎవరో వీడియో తీశారు. ఇక ఆయన పని అయిపోయిందనుకున్నాను. సాయంత్రానికి ఆ వీడియో పట్నమంతా తిరిగింది. కానీ నేను చూసింది కాదది. ఫినాయిల్ లేదు, కోడలి మాట లేదు. ఆయన మనుషులు కత్తిరించి, వెనక పాట పెట్టారు. భార్య తలుపు తీయడం, ఆడవాళ్ళు లోపలికి పోవడం, వరండాలో ఆయన. కింద అక్షరాలు: పేద మహిళల కోసం సొంతింటి తలుపులు తెరిచిన మన చైర్మన్. నా ఫోనుకు అది పంపింది మా ఆయనే. పంపి, కింద చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టాడు.

 మర్నాడు పొద్దున అతనికి చెప్పాను. "ఇగ నుంచి ఆఫీసు మెట్లెక్కకు. నా కుర్చీల కూసోవాలని చూడకు. ఎవరన్న నీతోని నాకు కబురు పంపితె నాకే చెప్పుమను." అతను, "మరి జనం నన్నేమనుకుంటరు?" అన్నాడు. అంతవరకూ అతని మీద ఇంకా కాస్త జాలి ఉండేది.

పొగడ్తలు వచ్చాక చైర్మన్‌కు ఆ మరుగుదొడ్డి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది. వారం తిరక్కుండానే మిర్చి బస్తాలు పోయాయి, జేసీబీ వచ్చింది, గుంత తవ్వారు. తవ్వింది మళ్ళీ ఆ బామ్మర్దే. మొదటి గుంత సంగతి మీటింగులో లేవదీశాను. "అయిపోయిన ముచ్చట ఎందుకు మేడం, పని అయితుంది గద," అని బల్లలు చరిచారు. నా అభ్యంతరం రాసుకోమని క్లర్కును అడిగితే పెన్నులో సిరా లేదన్నాడు. జాకెట్టు కొలతలు రాసుకునే నా పెన్ను తీసి ఇచ్చాను. రాశాడు. తర్వాత వచ్చిన కాపీలో ఆ వాక్యం లేదు. పై ఆఫీసుకు ఫిర్యాదు పంపాను. విచారణకు వచ్చినతను చైర్మన్ ఇంట్లో భోజనం చేసి పోయాడని టీ కొట్టు ఆమె చెప్పింది.

రెండోసారి రిబ్బన్ కట్టారు. అదే తలుపు, అదే గోడ, చీర కట్టుకున్న బొమ్మకు కొత్త రంగు. వేదిక మీదికి రమ్మని మైకులో నా పేరు పిలిచారు. నేను దుకాణంలోనే కూర్చుని యూనిఫారాలకు కాలర్లు కుట్టాను. మా ఆయన పోయాడు. పేపర్లో వచ్చిన ఫోటోలో వెనక వరసలో సగం ముఖం కనిపిస్తుంది.

అవ్వ దవాఖాన నుంచి ఇంటికి చేరింది కానీ మార్కెట్‌కు రావడం మానేసింది. ఒకసారి చూడ్డానికి పోతే మంచం మీద నుంచే నా చెయ్యి పట్టుకుని, "నువ్వు మంచిగనె గెలిచినవ్ బిడ్డా," అంది. నాకు సంతోషం కలగలేదు. ఆ మాట అనడానికి కూడా ఆమె ఆయాసపడింది.

మరుగుదొడ్డి ఇప్పుడు నడుస్తోంది. నడుస్తోందంటే, పొద్దున్నే తెరుస్తారు, మధ్యాహ్నానికి ముందే మూసేస్తారు. కడిగే మనిషికి జీతం సరిగా ఇవ్వరు, ఆమె వారంలో కొన్ని రోజులు రాదు. రాని రోజు లోపలికి పోతే కాలు పెట్టలేం. నేను ఫోన్ చేస్తాను, ఎవరో ఎత్తి చూస్తామంటారు, మళ్ళీ చేస్తాను. మొన్నటి మీటింగులో చైర్మన్ పారిశుద్ధ్యం కమిటీ నాకే ఇస్తున్నట్టు ప్రకటించి, "మా చెల్లెకు ఇదంటె శానా ఇష్టం," అన్నాడు. హాలంతా నవ్వింది. నేను లేచి, కడిగే మనిషి జీతం సంగతి ఎప్పుడు తేలుస్తారని అడిగాను. జీడిపప్పు ప్లేట్లు తెచ్చే అటెండర్ తప్ప నా వైపు ఎవరూ చూడలేదు. కూర్చోకుండా ఇంకోసారి అడిగాను.